కదిలిన గంజులు, కదలని బజార్లు: హైదరాబాద్ పాత అంగడి వీధులు చెప్పే లెక్క

క్లుప్తంగా: హైదరాబాద్ 1591లో పుట్టింది. దాని పాత బజార్లన్నీ అప్పుడే పుట్టలేదు, అన్నీ చార్మినార్ చుట్టూ కూడా లేవు. గోల్కొండ నుంచి బందరు రేవుకు వెళ్లే దారి మీద ఊరు వెలిసింది. ఆ తర్వాత దారి ఎటు మళ్లితే టోకు వ్యాపారం అటు మళ్లింది. చేతిపని మీద బతికే బజార్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. పాతబస్తీకి మెట్రో వస్తున్న ఈ సమయంలో ఏ బజారు దేని మీద నిలబడిందో తెలియడం అవసరం.

బేగంబజార్‌లో జీడిపప్పో, పెళ్లికి ఇత్తడి బిందెలో కొనుక్కొచ్చి "పాతబస్తీకి వెళ్లొచ్చాం" అంటారు చాలామంది. నిజానికి బేగంబజార్ పాతబస్తీలో లేదు. మూసీకి ఉత్తరపు ఒడ్డున, పాత ప్రాకారానికి బయట ఉంది. సుల్తాన్‌బజార్ అయితే చాలాకాలం నిజాం అధికారం కిందే లేదు. మొజంజాహీ మార్కెట్‌కు ఇంకా వందేళ్లు నిండలేదు. ఇవన్నీ కలిపి "చార్మినార్ దగ్గరి పాత మార్కెట్లు" అనేస్తే, ఒక్కో బజారు ఆ చోటే ఎందుకు పుట్టిందన్న సంగతి మరుగున పడిపోతుంది.

ఊరి కంటే ముందు వంతెన

గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. కుతుబ్‌షాహీల సంపదకు ఆధారం రెండు: కృష్ణా తీరంలోని కొల్లూరు లాంటి వజ్రపు గనులు, బందరు రేవు నుంచి ఓడలెక్కే అద్దకపు బట్టలు. రెండింటికీ దారి కోటకు తూర్పు వైపే. ఆ దారికి నది అడ్డం.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో, మూసీ మీద 22 కమాన్ల రాతి వంతెన లేచింది. నేటి పురానాపూల్ అదే. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాన్ ఈయనే. అప్పటికే గోల్కొండ కోట కిక్కిరిసిపోయింది, నీటికి కటకట మొదలైంది. వంతెన దాటితే దక్షిణపు ఒడ్డున చదునైన విశాలమైన నేల. ఆయన కొడుకు మహమ్మద్ కులీ ఆ నేల మీద కొత్త ఊరికి పునాది వేసింది వంతెన కట్టిన 13 ఏళ్లకు. అంటే ఊరు పుట్టి వంతెన రాలేదు. వంతెన వచ్చింది గనుకే ఊరు పుట్టింది.

ఊరి పుట్టుక గురించి వినిపించే కథలు వేరు. ప్లేగు తగ్గినందుకు మొక్కుగా చార్మినార్ కట్టారని ఒకటి, భాగమతి మీది ప్రేమతో భాగ్యనగరం కట్టారని ఇంకొకటి. భాగమతి విషయంలో చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఊరి పేరును బాగ్‌నగర్ అన్నట్టుగా రాశాడు. తోటలను బట్టి వచ్చిన పేరని కొందరు, మనిషిని బట్టి వచ్చిందని కొందరు వాదిస్తారు. ఆ వాదం ఎటు తేలినా బజార్ల లెక్క మారదు. ప్రేమ కథలోనూ ప్లేగు కథలోనూ కనిపించని వంతెన, ఊరి పటంలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

కూడలి మీద కట్టిన ఊరు

ఊరికి రూపురేఖలు దిద్దింది పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ, ఇరాన్ నుంచి వచ్చినవాడు. రెండు పెద్ద దారులు అడ్డంగా నిలువుగా కలిసేచోట చార్మినార్. దానికి ఉత్తరంగా కొద్ది దూరంలో నాలుగు పెద్ద కమాన్లు, వాటి నడుమ నీటి హౌజు. అదే నేటి గుల్జార్‌హౌజ్. పడమటి కమాను రాజమందిరాలకు దారి. మిగతా మూడూ బజారు వీధుల్లోకి తెరుచుకునేవి. రాజుగారి గుమ్మం, అంగడి వీధి ఒకే చౌకులో కలిసేలా గీసిన పటం ఇది.

ఈ ఊరిని ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం నమూనాలో కట్టారని తరచూ రాస్తుంటారు. తేదీలు దానికి ఒప్పుకోవు. ఇరాన్ రాజు షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధాని చేసి పెద్ద మైదానం చుట్టూ కొత్త నగరం మొదలుపెట్టింది 1598లో, చార్మినార్ కట్టిన ఏడేళ్లకు. మీర్ మోమిన్ ఇరాన్ పట్టణాల తీరును మనసులో పెట్టుకుని ఉండవచ్చు గానీ, ఇస్ఫహాన్‌లో ఇప్పుడు మనం చూసే మైదానం అప్పటికి లేదు.

పోలిక కావాలంటే మన దేశంలోనే ఉంది. 1537లో కెంపెగౌడ కట్టించిన బెంగళూరు కోటలో ఒక్కో వృత్తికి ఒక్కో పేట. 1727లో మొదలైన జైపూర్‌లో అంగళ్ల ముఖాలన్నీ ఒకే వరసలో ఉండేలా రాజు ముందే గీయించాడు. హైదరాబాద్ ఈ రెండింటికీ మధ్యస్థం. ప్రధాన వీధుల్ని రాజ్యం గీసింది. వాటి వెనక గల్లీలు ఎవరి అవసరానికి తగ్గట్టు వారు పెంచుకున్నారు. ఇప్పటికీ చార్మినార్ దగ్గర పెద్ద రోడ్డు మీది నుంచి పక్క సందులోకి పది అడుగులు వేస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. ముందు తిన్నని దారి, వెనక మలుపు మీద మలుపు.

వ్యాపారులు మాత్రం మొదట్లో ఊరి లోపల ఉండేవారు కాదు. ఊళ్లో పెద్దమనుషులు, రాజోద్యోగులు, సైనికులు ఉంటారని, వర్తకులు, దళారులు, పనివాళ్లు వంతెనకు ముందున్న పెద్ద పేటలో కాపురముంటారని తావెర్నియే రాశాడు. పొద్దున పది, పదకొండు గంటలకు ఊళ్లోకి వచ్చి విదేశీ వర్తకులతో బేరాలు చేసి, సాయంత్రం నాలుగు, ఐదు గంటలకు ఇళ్లకు తిరిగిపోయేవారట. దారిని బట్టి చూస్తే ఆ పేట నేటి కార్వాన్ వైపు. బిడారులు దిగే చోటు గనుక కార్వాన్. పగలు బేరానికి ఒక ఊరు, రాత్రి కాపురానికి ఒక పేట అన్న ఏర్పాటు 400 ఏళ్ల కిందటే ఉందన్నమాట.

రాజులు పోయినా అంగడి పోలేదు

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండను గెలిచాడు. కుతుబ్‌షాహీ రాజమందిరాలు ఆ తర్వాత నేలమట్టమయ్యాయి. పడమటి కమాను ఏ మహలుకు దారి తీసేదో, ఆ మహలు ఇప్పుడు లేదు. ఆ కమాను ముందరి బజారు ఉంది. దక్కన్ పాలన ఔరంగాబాద్ నుంచి సాగిన రోజుల్లో కూడా ఈ వీధుల్లో అంగళ్లు మూతపడలేదు.

18వ శతాబ్దంలో ఊరి చుట్టూ రాతి ప్రాకారం వచ్చింది. మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాన్ మొదలుపెట్టాడు. మొదటి నిజాం ఆసఫ్‌జా కాలంలో పూర్తయింది. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ 1760లలో రాజధానిని మళ్లీ హైదరాబాద్‌కు తెచ్చాడు. గోడ దర్వాజాలను రాత్రిపూట మూసేసేవారు. వాటిలో ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే.

ఈ గోడే బజార్లను రెండుగా చీల్చింది. లోపల నవాబుల దేవిడీలకు (మహళ్లకు), జనానాలకు (అంతఃపురాలకు) కావలసినవి: గాజులు, ముత్యాలు, అత్తరు, జరీ, పెళ్లి బట్టలు. ఎద్దుబండ్ల మీద వచ్చే ధాన్యం, బెల్లం, నూనె లాంటి బరువు సరుకును దర్వాజాల ఇరుకులోంచి లోపలికి తేవడం కంటే గోడ బయట దించుకోవడమే సులువు. పేర్లలోనూ ఈ తేడా ఉంది. గంజ్ అంటే టోకు ధాన్యం దిగే చోటు, మండి అంటే కూరగాయలో పళ్లో రాశులు పోసి అమ్మే చోటు, చౌక్ అంటే జనం కూడే కూడలి. గోడ లోపల మీరాలం మండి, 1892 నాటి గడియార స్తంభం ఉన్న మహబూబ్‌చౌక్. గోడ బయట, నది అవతల అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్.

లక్క గాజు వెనక గది

చార్మినార్ నుంచి పడమరగా మహబూబ్‌చౌక్ వైపు సాగే లాడ్‌బజార్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. కదలని బజారుకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

లాడ్ అన్న పేరు లక్క నుంచి వచ్చిందంటారు. లక్కను కుంపటి మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, పైన రంగు లక్క పట్టించి, సన్నటి తీగలా లాగి, గుండ్రని అచ్చు మీద చుట్టి కొసలు అతికిస్తారు. వేడి ఆరేలోపు గాజు గుండ్రం సరిచేయాలి. తర్వాత దాన్ని మళ్లీ కాస్త వెచ్చబరిచి అద్దపు ముక్కలు, రాళ్లు, పూసలు ఒక్కొక్కటిగా వేలితోనో సన్నటి పుల్లతోనో అద్దుతారు. రాయి చల్లటి లక్కలో దిగదు, మరీ వేడిగా ఉంటే జారిపోతుంది. ఆ నడిమి వేడి చేతికి తెలియాల్సిందే. ఈ పని జరిగేది తళతళలాడే దుకాణాల్లో కాదు, వాటి వెనక గల్లీల్లోని చిన్న గదుల్లో, ఇళ్లలో.

దుకాణానికీ ఆ గదికీ మధ్య దూరం ఎంతో ముఖ్యం. పెళ్లికూతురి చేతికి గాజు బిగుతుగా ఉంటే దుకాణదారు దాన్ని పక్కన పడేయడు. కాస్త వేడి తగిలిస్తే లక్క సాగుతుంది. కొన్నవాళ్లు చాయ్ తాగి తిరిగొచ్చేసరికి కొలత సరిపోతుంది. చీర రంగు చూపించి అదే రంగు జోడు అడిగినా పని అంతే దగ్గరలో అవుతుంది. అమ్మే చోటు, చేసే చోటు నడిచివెళ్లే దూరంలో ఉంటేనే ఈ బేరం సాగుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. వెనక గది అద్దెను తగ్గించదు.

ముత్యాలది ఇంకో తీరు. హైదరాబాద్ చుట్టుపక్కల సముద్రమే లేదు. పర్షియా సింధుశాఖలో దొరికిన ముత్యాలు బస్రా పేరుతో ఇక్కడికి వచ్చేవి, ఇప్పుడు చాలావరకు చైనా నుంచి వస్తున్నాయి. ఊరు అమ్ముకున్నది ముత్యాన్ని కాదు, దాన్ని ఏరి, తొలిచి, గుచ్చే నేర్పును. సరుకు ఏ దేశం నుంచి వచ్చినా ఈ పని ఇక్కడే ఉండిపోవడానికి కారణం అదే.

నది దాటిన టోకు

టోకు వ్యాపారం మూసీకి ఉత్తరాన స్థిరపడడానికి 19వ శతాబ్దమంతా పట్టింది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా బేగం హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన నేల మీద బేగంబజార్ వెలిసిందని చెబుతారు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన చోటు అఫ్జల్‌గంజ్. మార్వాడీలు, అగర్వాల్‌లు, గుజరాతీ సాహుకార్లు, వడ్డీ వ్యాపారం చేసే గోసాయిలు ఇటు చేరారు. సరుకు అమ్మేవాడు, దాని మీద అప్పు ఇచ్చేవాడు ఒకే వీధిలో ఉండడం బేగంబజార్ అసలు బలం.

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది, 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. నాంపల్లి నుంచి బేగంబజార్‌కు బండి మీద కొద్ది దూరమే, నది దాటే పని లేదు. మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబర్ 28న, మూసీ వరద. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఒడ్డు పొడవునా పేటలు కొట్టుకుపోయాయి.

ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం అందరికీ తెలుసు. నగరాభివృద్ధి మండలి ఇరుకు ఇళ్లు తీసేసి వీధులు వెడల్పు చేయడం, నయాపూల్ నుంచి చార్మినార్‌కు వెళ్లే దారి పక్కన రాతి కమాన్ల వరసతో పత్తర్‌గట్టీ కట్టించడం అంతగా ఎవరూ చెప్పుకోరు. పాతబస్తీకి ప్రాచీన ముఖంలా కనిపించే ఆ రాతి వరస నిజానికి 20వ శతాబ్దపు రోడ్డు వెడల్పు పని. ఇది ఊరటనిచ్చే ఉదాహరణ. కూల్చిన చోట వ్యాపారులకు ఎండా వానా తగలని వరండా ఇచ్చారు, కింద అంగడి పైన గది అన్న పాత అలవాటును నిలబెట్టారు. అందుకే ఆ బజారు బతికింది.

రెసిడెన్సీ నీడలో ఇంకో చట్టం

కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ (నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టించిన భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లలో నిజాం చట్టం కాదు, రెసిడెంట్ మాట చెల్లేది. అప్పు వసూలుకైనా తగాదా తీర్పుకైనా రెసిడెన్సీ అండ ఉంటుందని సాహుకార్లు అక్కడ చేరారు. 1933లో ఆ ప్రాంతాన్ని నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్‌బజార్ అన్న పేరు.

ఇక్కడి తెలుగువారికి ఆ వేరే చట్టం ఇంకో విధంగా పనికొచ్చింది. పాలనలో ఉర్దూ నడిచే సంస్థానంలో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థిరపడింది ఈ బజారు ప్రాంతంలోనే. పుస్తకం కొనాలన్నా, పాఠ్యపుస్తకాలు వెతకాలన్నా కోఠీకి వెళ్లడం తెలుగు కుటుంబాలకు తరాలుగా అలవాటైంది. సికింద్రాబాద్ జనరల్ బజార్ కూడా ఇలాగే దండు నీడన, వేరే అధికారం కింద పెరిగినదే.

ఏది కదులుతుంది, ఏది కదలదు

పళ్ల వ్యాపారాన్ని చూస్తే అసలు సూత్రం బోధపడుతుంది. 1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్ నల్లరాతి భవనం, గడియారపు బురుజుతో సహా, పళ్ల మార్కెట్‌గా పేరు తెచ్చుకుంది. రైలు స్టేషన్ పక్కనే ఉండడం దాని బలం. సరుకు లారీల మీద రావడం మొదలయ్యాక ఆ బలం పోయింది. టోకు పళ్ల వ్యాపారం కొత్తపేట గడ్డిఅన్నారానికి, అక్కడా ఊరు కమ్ముకున్నాక బాటసింగారానికి తరలింది. ఈ రెండూ విజయవాడ హైవే మీదివే. అంటే నాటి బందరు దిక్కే! పూల టోకు జాంబాగ్ నుంచి గుడిమల్కాపూర్ చేరింది.

వీటన్నిటిలో కనిపించేది ఒకటే. బరువెక్కువ, ధర తక్కువ, రెండు రోజుల్లో పాడైపోయే సరుకు దారి వెంట పోతుంది. హమాలీ కూలి, లారీ నిలిచే గంటలు లాభాన్ని తినేస్తే అడ్తీదారు (కమీషన్ వ్యాపారి) అక్కడ ఉండలేడు. చిన్నగా, విలువగా, చేతిపనితో ముడిపడి ఉన్న సరుకు కదలదు. దానికి దారి కంటే పక్క గదిలోని పనివాడు ముఖ్యం.

బేగంబజార్ ఈ రెంటికీ లొంగని మినహాయింపు. పగటిపూట లారీ దూరలేని వీధులు, సరుకేమో టోకు. అయినా నిలిచింది. జిల్లా నుంచి వచ్చిన కిరాణా కొట్టు యజమాని ఒకే పూటలో మసాలా దినుసులు, డ్రైఫ్రూట్స్, స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ వస్తువులు, పూజా సామగ్రి అన్నీ కొనుక్కోగలడు. అంతకు మించింది ఖాతా. తాతల నాటి పరిచయం మీద ఉద్దెర ఇచ్చే చోటును వదిలి, రొక్కం అడిగే కొత్త మార్కెట్‌కు చిన్న వ్యాపారి పోడు. సరుకును తరలించవచ్చు గానీ, ఏ ఊరివాడికి ఎంతవరకు ఉద్దెర ఇవ్వొచ్చో తెలిసిన గద్దెను తరలించడం కష్టం.

ఇరుకు తెచ్చే ముప్పు, వెడల్పు తెచ్చే ముప్పు

2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణం, పైన కాపురం ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి వెళ్లే దారి ఇరుకు కావడం ప్రాణాలు కాపాడే పనికి పెద్ద అడ్డయింది. అంగడి మీదే ఇల్లు అన్న పాత ఏర్పాటు నూనె దీపాల కాలంలో కుదిరిందే. ఏసీలు, కిక్కిరిసిన వైర్లు, ఒకటే మెట్ల దారి ఉన్న కాలంలో అదే ప్రాణాంతకమైంది. పాతది గనుక అలాగే ఉంచాలనే వాదనకు ఆ 17 ప్రాణాల ముందు విలువ లేదు. రెండో దారి, వైరింగ్ మార్పు, గల్లీలోకి వెళ్లగల చిన్న అగ్నిమాపక వాహనాలు తప్పనిసరి.

రెండో ఒత్తిడి మెట్రో. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల లైను కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, షాలిబండ మీదుగా రోడ్డును వెడల్పు చేస్తున్నారు. 2025 మొదట్లో అధికారులు వేసిన లెక్కలో సుమారు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయి. చార్మినార్ పేరు పెట్టుకునే స్టేషన్ ఆ స్మారకానికి అరకిలోమీటరు దూరంలో ఉంటుంది. స్మారకానికి చట్టం అండ ఉంది: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి.

బజారుకు అలాంటి వలయం లేదు. రైలు వస్తే కొనేవాళ్లు పెరుగుతారు. నాంపల్లి స్టేషన్ బేగంబజార్‌కు చేసిన మేలు చూస్తే అందులో అనుమానం అక్కర్లేదు. కొనేవాళ్లు పెరిగిన చోట ముందు పెరిగేది అద్దె. ముందు వరస దుకాణం ఆ అద్దెను గాజుల ధరలో కలిపేసుకోగలదు. రోజు కూలికి రాళ్లు అద్దేవాళ్ల గదికి ఆ వెసులుబాటు లేదు; అది గోదాముగానో లాడ్జిగానో మారితే యజమానికే లాభం. మెట్రో భూసేకరణలో గజానికి 81,000 రూపాయలన్న ధర స్థలానికి కట్టిన ధర. కుంపటి పెట్టుకున్న గదికి, అది దుకాణానికి ఎంత దగ్గరగా ఉందన్న దానికి ఆ లెక్కలో గడి లేదు.

పత్తర్‌గట్టీ కట్టినప్పుడు చేసినట్టు, వెడల్పు చేసిన రోడ్డు పక్కన అంగళ్లతో పాటు పనిగదులకూ చోటు చూపడం ఇప్పుడూ సాధ్యమే. అందుకు ముందుగా లాడ్‌బజార్ వెనక గల్లీల్లో ఏ గదిలో ఎవరు ఏ పని చేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయాలి. ఆ గదులు బండ్లగూడకో శివారు కాలనీకో పోతే, బిగుతైన గాజు మాత్రం కొన్నవాళ్లు చాయ్ తాగి వచ్చేలోపు కొలతకు రాదు.